ఉన్న ఈ ఒక్క జన్మలో



‘ఏ జన్మలో ఏ పాపం చేశానో!’ ఇంట్లో ఏ చిక్కు వచ్చినా మన నోట ముందొచ్చే మాట ఇదే. ‘ఈ జన్మకింతే’ అనుకుని కళ్ళొత్తుకుంటాం. అందులో ఓ ఊరట ఉంది, కాదనను. మరి వెనకటి జన్మా లేదు, రాబోయే జన్మా లేదు అనుకున్నవాళ్ళు కష్టంలో దేన్ని పట్టుకుని నిలబడ్డారు? విజయవాడలో జీవించిన సరస్వతీ గోరాగారి కథ చెబుతాను, వినండి.

ఆవిడ 1912లో విజయనగరంలో, ఆచారం గల కుటుంబంలో పుట్టారు. పదేళ్ళకే గోపరాజు రామచంద్రరావుగారితో పెళ్ళయింది. ‘గోరా’గా పేరుపడ్డ నాస్తికులు ఆయనే. కొలంబోలో కాపురమున్నప్పుడు, కడుపుతో ఉండి కూడా సరస్వతిగారు గ్రహణం వేళ బయట తిరిగారు. మన ఇళ్ళలో అయితే ఎంత గొడవయ్యేదో!

నాస్తిక భావాల మూలాన 1933లో భర్తకు కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది. 1940లో బందరు హిందూ కళాశాల కొలువును ఆయనే వదులుకున్నారు. చేతిలో జీతం లేదు, చుట్టూ పిల్లలు. ఆ స్థితిలో కృష్ణాజిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అంటరానితనం పోవాలని అన్ని కులాలవారినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి భోజనాలు పెట్టేవారు. పంక్తి భోజనమంటే వంటింట్లో ఎంత చాకిరీయో మనకి వేరే చెప్పాలా? క్విట్ ఇండియా ఉద్యమంలో ఆవిడ పసివాణ్ణి వెంటబెట్టుకుని జైలుకు కూడా వెళ్ళారు.

పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడికిచ్చి చేయదలిచారు. ఆ పెళ్ళి సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు గాంధీగారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నారు కూడా. 1948 జనవరిలో ఆయన హత్యకు గురైనా, మార్చిలో అక్కడే ఆ పెళ్ళి జరిగింది.

అసలు పరీక్ష 1975 జూలైలో వచ్చింది. గోరాగారు కన్నుమూశారు. యాభై ఏళ్ళు దాటిన కాపురం. ‘పైలోకంలో మళ్ళీ కలుసుకుంటాం’ అనుకునే వీలు ఆవిడకు లేదు. ఆయన ఇక లేరు, అంతే. కాని ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పని మిగిలి ఉంది. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు నాస్తిక కేంద్రం వాళ్ళు సహాయానికి కదిలారు. 2006లో కన్నుమూసేదాకా, భర్త పోయాక ముప్పై ఏళ్ళకు పైగా, సరస్వతిగారు ఆ కేంద్రానికి పెద్దదిక్కుగా నిలిచారు.

నేను పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషిని. మిమ్మల్ని మానమని చెప్పడం లేదు. ఆవిడ నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. మనం మంచిని వచ్చే జన్మకు వాయిదా వేస్తుంటాం. ఆవిడకు వాయిదా వేసే చోటే లేదు. అందుకే ఆకలన్నవాడికి ఈ పూటే అన్నం పెట్టాలి, కూతురికి న్యాయం ఈ జన్మలోనే జరగాలి. అలా బతికిన మనిషికి సంతృప్తి వేరే లోకం నుంచి రానక్కర్లేదు. చేసిన పనిలోంచే వస్తుంది.