మైదానంలో నెగ్గి స్టూడియోకు చేరిన పాట: రాయపూర్ జానపద గానం

తెలుగు సంగీత వ్యాపారంలో 'ప్రైవేటు పాట' అంటే సినిమాతో నిమిత్తం లేకుండా గ్రామఫోను కంపెనీ గాయకులచేత పాడించి అమ్మకానికి పెట్టే పాట. ఆ పద్ధతిలో ముందు రికార్డు పుడుతుంది, శ్రోతలు తరువాత ఏర్పడతారు. ఛత్తీస్‌గఢీ జానపద గానంలో పేరుపొందిన పాటలు కొన్ని ఇందుకు ఎదురుదారిన నడిచాయి, అంటే ముందు ఊరి మైదానంలో నెగ్గి, ఆ తరువాతే రేడియోకూ రికార్డుకూ చేరాయి.

1971 నవంబరులో దుర్గ్ సమీపంలోని బఘేరాలో దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ 'చందైనీ గోందా' అనే ప్రదర్శనను మొదలుపెట్టాడు. దావూ అనేది అక్కడి భూస్వాములకు గౌరవవాచకం, మన దొర వంటిది. ఖుమాన్ సావ్ సంగీతానికి లక్ష్మణ్ మస్తూరియా వంటి కవులు పాటలు రాయగా, కథకంటె ఆ పాటలే జనం నోళ్లలో ఎక్కువ కాలం నిలిచాయి. ఆ బాటలోనే దావూ మహాసింగ్ చంద్రాకర్ 'సోన్హా బిహాన్', అనగా 'బంగారు వేకువ', అనే బృందాన్ని నడిపాడు. అర్పా, పైరీ, మహానది, ఇంద్రావతుల పేర్లతో నేలతల్లిని కీర్తించే పాట ఆ వేదికమీదిదే. దానిని రాసిన నరేంద్ర దేవ్ వర్మ (1939–1979) పల్లె గాయకుడు కాడు, ఛత్తీస్‌గఢీ భాషా పరిణామంపై గ్రంథం రాసిన పండితుడు. ఎంకి పాటలు పల్లెజనం కట్టినవేనని మనవారికి కలిగిన భ్రమే ఇక్కడా కలగడానికి వీలుంది.

ఈ గానానికి స్టూడియోను సమకూర్చినది ప్రధానంగా ప్రభుత్వమే. రాయపూర్ ఆకాశవాణి 1963 అక్టోబరు 2న మొదలైంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠాలు పంపిన 'సైట్' ప్రయోగంలో (1975–76) ఆంధ్రప్రదేశ్ పల్లెలతోపాటు రాయపూర్ ప్రాంతపు పల్లెలూ చేరాయి. నగరంలో దూరదర్శన్‌కు పునాది పడినది ఆ ప్రయోగం కొనసాగింపుగానే, నేడు ఆ కేంద్రం శంకర్ నగర్‌లో ఉన్నది. మహాసింగ్ కుమార్తె మమతా చంద్రాకర్ ఆకాశవాణి ఉద్యోగిగా, గాయనిగా తండ్రి వేదిక పాటలను కొత్త తరానికి చేర్చింది. 2016లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

2019 నవంబరులో వర్మ పాట ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతమైంది. ప్రకటించిన నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కవికి స్వయానా అల్లుడు, అయినా పాట అప్పటికే జనం సొత్తు గనుక ఆ బంధుత్వం దానికి బరువు కాలేదు. 'మా తెలుగు తల్లికి' నడిచిన దారి వేరు: శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' సినిమా కోసం రాసినా అందులో చోటు దొరకని ఆ పాటను టంగుటూరి సూర్యకుమారి ప్రైవేటు రికార్డు ఇంటింటికీ చేర్చింది.

రికార్డు కీర్తిని పెంచినంత సులభంగా పేర్లను మరుగుపరచనూగలదు. రాయపూర్‌కు చెందిన జోషీ సోదరీమణులు 1970లలోనే పాడిన 'ససురార్ గేందా ఫూల్' 2009లో 'ఢిల్లీ-6' ఆల్బమ్‌లో ఎ. ఆర్. రెహమాన్ పేరుతో దేశమంతా మోగింది; మరుసటి ఏడు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతిని రేఖా భరద్వాజ్‌కు తెచ్చిపెట్టినదీ ఆ పాటే.