గురుచంద్రుల పరస్పర గ్రహణములు

ఆబిడ్సు వీథిలో దీపకాంతికి చుక్కలు వెలవెలబోవుచుండగా నగరవాసికి ఖగోళశాస్త్రముతో పనియేమని పలుకువారు గలరు. ఆ మాట మాకు సమ్మతము గాదు.

హైదరాబాదున నవీన వేధశాలను మొదట నెలకొల్పినది ప్రభుత్వము గాదు. 1901లో నవాబు జఫర్‌జంగు ఫిసల్‌బండలోని తన స్థలమున, స్వంత దూరదర్శనితో, దానికి శ్రీకారము చుట్టెను. ఆయన గతించిన పిమ్మట, 1908లో, నిజాము ప్రభుత్వము దానిని చేకొనెను. తరువాత నది బేగంపేటకు మాఱి, పలుదేశములు పంచుకొన్న నక్షత్రపట నిర్మాణమున పాలుగొనెను. అంతకు మునుపే, 1874లో, విశాఖపట్టణమున అంకితము వెంకట నరసింగరావుగారు శుక్రుడు సూర్యబింబమును దాటుటను తమ వేధశాలనుండి పరిశీలించిరి. వేడుకకాండ్రే మనకు దారి చూపిరి. నేడో, నాంపల్లికి చేరువ నౌబత్ పహాడుపై 1985లో వెలసిన నక్షత్రశాలలో కృత్రిమాకాశమును చూచి మురియుటతో మనలో పలువురి యుత్సాహము తీరిపోవుచున్నది.

నగరకాంతి యడ్డుపెట్టలేని పని యొకటి గలదు. గురుని నలుగురు పెద్ద చంద్రులు చిన్న దూరదర్శనికి సైతము స్పష్టముగా కనబడుదురు. సుమారు ఆఱేండ్లకొకమాఱు వారి కక్ష్యాతలము సూర్యునికిని భూమికిని సూటిగా వచ్చును. అపుడొక చంద్రుడు వేఱొకనిని మరుగుపఱచును, లేదా తన నీడతో కప్పును. బింబము బింబమును కప్పుటను మన సిద్ధాంతకర్తలు భేదమనిరి. పేరు మనకు క్రొత్త కాదు, కొలతయే క్రొత్త. కాంతి తగ్గి మరల పెరుగుట తఱచుగా కొన్ని నిమిషములలో ముగియును. ఆ కాలమును సరిగా గుర్తించినచో చంద్రుల స్థానము మిక్కిలి సూక్ష్మముగా తెలియును. 1973 మొదలు దేశదేశములవారు ఈ యోగములను కలిసి కొలుచుచున్నారు. అట్టి కొలతలను గూడ చేర్చి, 1891 నుండి 2007 వఱకు గల పరిశీలనలను గణించి, అయో యను చంద్రుడు మెల్లమెల్లగా గురునివైపు జరుగుచున్నాడని 2009లో శాస్త్రజ్ఞులు తేల్చిరి.

ఇందుకు దూరదర్శని, కెమెరా, సరియైన గడియారము వలయును. మూడవదే ముఖ్యము. చిత్రమెంత చక్కగా వచ్చినను కాలము తెలియనిచో నది గోడకు వ్రేలాడదీయు పటమే. గ్రహణముతో సంబంధములేని చంద్రుని నొకనిని గూడ చిత్రములో నుంచవలెను. పలుచని మబ్బు సాగిపోయినచో అందఱును మసకబారుదురు. గ్రహణమైనచో ఆ జంట వెలుగే తగ్గును.

2021 యోగమున గురుడు సూర్యునికెదురుగా నిలిచినది ఆగస్టులో; మనకది వానకాలము. 2026-27 యోగమున ఆ స్థితి 2027 ఫిబ్రవరిలో కలుగును; అపుడు దక్కను ఆకాశము సాధారణముగా నిర్మలము. నాంపల్లి మేడపై నొకరును, ఇచట మబ్బు పట్టినను పని చెడకుండ కర్నూలులో వేఱొకరును, ఒకే గ్రహణమును ముందుగా నెన్నుకొని, నెల ముందుగానే గడియారములను సరిచూచుకొనవలెను.