నర్సు జీతం ఎవరు డిసైడ్ చేస్తారు? మా అక్క పేస్లిప్ వెనకున్న 160 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

పోయిన నెల ఖమ్మం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, చిన్నదానికి నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదురా. బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పిద్దాం అనుకుంటున్నా. నర్సులకి జీతాలు ఎలా ఉంటాయో కాస్త కనుక్కుని చెప్పు" అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే పిన్ని పెద్ద కూతురు, అంటే మా అక్క, నర్సే. ఇంట్లో నర్సుని పెట్టుకుని నన్నెందుకు అడగడం? అదే మాట అంటే, "దాన్నడిగితే వద్దంటే వద్దంటోంది. ఎందుకో చెప్పదు" అంది.

నేను అక్కకి ఫోన్ చేశా. ఆమె ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. 2016 నాటి పేస్లిప్. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్, పేరు చెప్పను. చేతికొచ్చింది 11,500 రూపాయలు. కింద ఒక లైన్ టైప్ చేసింది: "ఆ హాస్పిటల్‌లో ఒక పేషెంట్ ఒక్కరోజు ఐసీయూ బిల్లు కంటే నా నెల జీతం తక్కువ రా."

అప్పుడు నేను బీటెక్ రెండో ఏడాది. ఆ ఉద్యోగం మానేస్తానని అక్క ఏడిస్తే, "ఎక్స్‌పీరియన్స్ వస్తుంది కదక్కా, రెండేళ్లు ఓపిక పట్టు" అని సలహా ఇచ్చిన మహానుభావుడిని నేనే. ఆమె మానలేకపోయింది కూడా. రెండేళ్ల బాండ్ రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు హాస్పిటల్ వాళ్లే పెట్టుకున్నారు. 2019లో నాకు 3.36 లక్షల ప్యాకేజీ వచ్చింది. ఏసీ రూమ్‌లో కూర్చుని జావా నేర్చుకోవడానికి ఆ జీతం. మూడేళ్లు ఐసీయూలో పనిచేసిన అక్కకి అప్పటికి 16 వేలు. ఇద్దరం ఒకే రోజు ఇంటికెళ్లాం, స్వీట్ బాక్స్ మాత్రం నా పేరు మీద తెచ్చారు.

అసలు ఇలా ఎందుకుంది అని వెతకడం మొదలుపెడితే కథ 1850ల దాకా వెళ్లింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మనందరం స్కూల్ పుస్తకాల్లో చదివాం, దీపం పట్టుకున్న బొమ్మతో సహా. పుస్తకంలో లేని సంగతి ఏంటంటే, ఆవిడ బాగా డబ్బున్న ఇంటి అమ్మాయి. 1853లో లండన్ హార్లే స్ట్రీట్‌లో ఒక చిన్న హాస్పిటల్‌కి సూపరింటెండెంట్‌గా చేరినప్పుడు ఆ ఉద్యోగానికి జీతమే లేదు. వాళ్ల నాన్న ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చేవారు, దాంతో నడిచేది. తర్వాత క్రిమియా యుద్ధం, 1860లో సెయింట్ థామస్ హాస్పిటల్‌లో నర్సింగ్ స్కూలు. చదువు, క్రమశిక్షణ, శుభ్రత, లెక్కలు, ఇవన్నీ నర్సింగ్‌లోకి తెచ్చింది ఆవిడే. నేను తక్కువ చేయడం లేదు. కానీ జీతం అవసరం లేని మనిషి ఆ వృత్తికి ముఖచిత్రం అయిపోయింది. "ఇది ఉద్యోగం కాదు, సేవ" అనే మాట అప్పటి నుంచి నర్సు వెంటే నడుస్తోంది. సేవ అన్నాక జీతం ఎంత అని అడిగితే అడిగినవాళ్లే చెడ్డవాళ్లవుతారు కదా!

మన దగ్గరికి వద్దాం. 1871లో మద్రాస్ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్‌లో నర్సులకి ట్రైనింగ్ మొదలైంది. అప్పుడు ఆంధ్ర ప్రాంతం మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉంది. గుంటూరుకి 1883లో అమెరికా నుంచి లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు, 1898లో అక్కడ హాస్పిటల్ తెరిచారు. గుంటూరు వాళ్లకి కుగ్లర్ హాస్పిటల్ అంటే ఇప్పటికీ తెలుస్తుంది. మన దేశంలో తొలితరం నర్సుల్లో ఎక్కువమంది ఇలాంటి మిషన్ హాస్పిటళ్లలో తయారైనవాళ్లే. పరాయివాళ్ల ఒళ్లు ముట్టుకోవాలి, రాత్రిపూట డ్యూటీ చేయాలి అంటే మిగతా ఇళ్లలో ఆడపిల్లని పంపేవాళ్లు కాదు. ఇది వందేళ్ల నాటి సంగతి అనుకోకండి. మా అక్క పెళ్లి సంబంధాలప్పుడు "నైట్ డ్యూటీలు ఉంటాయా అమ్మాయికి?" అన్న ప్రశ్న నేను నా చెవులతో విన్నా.

ఇక్కడ నాకు ఒక విషయం అర్థం కాలేదు. స్వాతంత్ర్యానికి ముందు దేశం ఆరోగ్య పరిస్థితి చూడటానికి భోర్ కమిటీ వేశారు. 1946లో రిపోర్ట్ ఇచ్చింది. అప్పటికి దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒక నర్సు. అదే బ్రిటన్‌లో 300 మందికి ఒకరు. డాక్టర్లు మన దగ్గర 6,300 మందికి ఒకరు, అంటే డాక్టర్ల కంటే నర్సులకే కరువు ఎక్కువ. మార్కెట్ లెక్క ప్రకారం కరువున్న చోట రేటు పెరగాలి. ఉల్లిపాయలకి పెరుగుతుంది, జావా డెవలపర్‌కి పెరిగింది. నర్సుకి ఎందుకు పెరగలేదు?

ఒక కారణం స్టూడెంట్ నర్సులు. నర్సింగ్ స్కూలు హాస్పిటల్‌కి అంటుకునే ఉంటుంది. ట్రైనింగ్ పేరుతో వార్డు పని చాలావరకు స్టూడెంట్లే చేస్తారు, స్టైపెండ్‌కి. ఈ బ్యాచ్ వెళ్తే ఇంకో బ్యాచ్ వస్తుంది. అలాంటప్పుడు హాస్పిటల్‌కి జీతం ఇచ్చి పూర్తి స్థాయి నర్సులని పెట్టుకోవాల్సిన తొందర ఏముంటుంది? మా ఐటీలో ఇంటర్న్‌లతో ప్రొడక్షన్ నడిపించడం లాంటిదే ఇది. కాకపోతే అక్కడ క్రాష్ అయ్యేది సర్వర్ కాదు.

రెండోది, కొనేవాళ్లు తక్కువ. ఊళ్లో ఒకటో రెండో హాస్పిటళ్లు ఉంటే వాళ్లు చెప్పిందే జీతం. అందుకే గట్టిగా అడిగే బలం ఉన్న చోటే జీతం పెరిగింది. అంటే ప్రభుత్వ ఉద్యోగంలో. కేంద్ర ప్రభుత్వ హాస్పిటళ్లలో కొత్తగా చేరే నర్సు మూల వేతనం ఐదో పే కమిషన్‌లో 5,000. ఆరో కమిషన్ లెక్కలో, అంటే 2006 నుంచి, 17,140. ఏడో కమిషన్‌లో, 2016 నుంచి, 44,900. దీని మీద డీఏ, హెచ్ఆర్ఏ, నర్సింగ్ అలవెన్స్ అదనం. ఇప్పుడు పైకి స్క్రోల్ చేసి మా అక్క పేస్లిప్ మళ్లీ చూడండి. అదే 2016. అదే చదువు, అదే రిజిస్ట్రేషన్, అదే ఇంజెక్షన్. ఒకరికి 44,900, ఒకరికి 11,500.

ప్రైవేట్‌లో కథ మలుపు తిరిగింది 2011లో. బాండ్లు, సర్టిఫికెట్లు లాక్కోవడం మీద దేశంలో పెద్ద నగరాల్లో నర్సులు రోడ్డెక్కారు. కేరళలో యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ పుట్టింది ఆ ఏడాదే. 1908 నుంచి ఉన్న ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టుకెళ్లింది. కేసు నాలుగేళ్లకు పైగా నడిచింది. 2016 జనవరి 29న కోర్టు, ప్రైవేట్ నర్సుల జీతాలు, పని పరిస్థితులు చూడటానికి కమిటీ వేయండి అని కేంద్రానికి చెప్పింది. కమిటీ ఏం చెప్పిందో చాలామంది నర్సులకే తెలియదు, కాబట్టి నెమ్మదిగా చెప్తా. నాలుగు ఇఫ్-ఎల్స్ లైన్లే.

200 పైన బెడ్లున్న హాస్పిటల్ అయితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 బెడ్లయితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు చిన్న నర్సింగ్ హోమ్ అయినా 20,000కి తక్కువ ఇవ్వకూడదు.

తెలంగాణకి ఈ లెక్క వేద్దాం. 2022 డిసెంబర్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, స్కేల్ 36,750తో మొదలు. అంటే అలవెన్సులు పక్కన పెట్టినా, 150 బెడ్ల ప్రైవేట్ హాస్పిటల్‌లో 33,075, 70 బెడ్ల దాంట్లో సుమారు 27,560 రావాలి. వస్తోందా? ఈ వీడియో చూస్తున్న సిస్టర్లు మీ మనసులోనే జవాబు చెప్పుకోండి.

ఎందుకు రాలేదంటే, అది సిఫార్సు, చట్టం కాదు. ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు. కేంద్రం రాష్ట్రాలకి పంపింది, అక్కడితో దాని పని అయిపోయింది. దాన్ని కాగితం మీద నుంచి కిందకి దింపింది కేరళ నర్సులే. 2017లో సమ్మె, 2018 ఏప్రిల్‌లో చేర్తల నుంచి తిరువనంతపురం దాకా పాదయాత్రకి రెడీ అయ్యారు. అది మొదలయ్యే ముందే, ఏప్రిల్ 23న, ప్రభుత్వం కనీస వేతనాల చట్టం కింద 20,000 కనీస జీతం నోటిఫై చేసింది. యాత్ర ఆగింది. చట్టం కింద ఉంటే లేబర్ ఆఫీసుకెళ్లి అడగొచ్చు. గైడ్‌లైన్ కింద ఉంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకోవడమే.

ప్రభుత్వ హాస్పిటల్ అనగానే అంతా బాగుంటుందని కూడా అనుకోకండి. అక్కడ రెగ్యులర్ వేరు, ఔట్‌సోర్సింగ్ వేరు. 2020 జులైలో, కోవిడ్ నడుస్తుండగా, గాంధీ హాస్పిటల్‌లో ఔట్‌సోర్సింగ్ నర్సులు డ్యూటీ ఆపి బయట కూర్చున్నారు. వాళ్ల జీతం 17,500. మనం బాల్కనీలో చప్పట్లు కొట్టి మూడున్నర నెలలు అయిందప్పటికి.

ఇక విదేశాలు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు మీడియన్ జీతం 2024లో ఏడాదికి 93,600 డాలర్లు. కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ. అక్కడ 1999లో ఒక చట్టం చేశారు, 2004 నుంచి అమలైంది: ఒక్కో నర్సుకి ఇంతమంది పేషెంట్లకి మించి ఇవ్వకూడదని. ఐసీయూలో ఇద్దరు, మామూలు వార్డులో ఇప్పుడు ఐదుగురు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా జనరల్ హాస్పిటల్ వార్డుకి ఒకరికి ఐదుగురనే చెబుతుంది. మా అక్క నైట్ డ్యూటీలో వార్డుకి వేసినప్పుడు ఒక్కదానికి 22 మంది. అలాగని డాలర్లు చూసి అన్ని చోట్లా బాగుంటుందనుకోవద్దు. బ్రిటన్‌లో 2022 డిసెంబర్‌లో జీతాల కోసం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన వందేళ్ల పైచిలుకు చరిత్రలో మొదటిసారి ఇంగ్లండ్‌లో సమ్మె చేసింది.

ఇదంతా చదివాక అక్కకి మళ్లీ ఫోన్ చేశా. కమిటీ సంగతి చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా హాస్పిటల్ 300 బెడ్లు రా" అంది. అంతే.

ఆమె ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటోంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులని జర్మనీ పంపిస్తుంది కదా, దానికోసం. డ్యూటీ నుంచి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి ఆన్‌లైన్ క్లాసు. బాబుకి నాలుగేళ్లు. వెళ్తే మొదట్లో వాడిని పిన్ని దగ్గర వదిలి వెళ్లాలి. "వాడికి ఫోన్లో జర్మన్‌లో వన్ టూ త్రీ నేర్పిస్తున్నా, నాతో పాటు వాడూ చదువుతున్నాడు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను అప్పుడిచ్చిన ఓపిక సలహాకి సారీ చెప్పా. "నీకప్పుడు ఏం తెలుసు లే" అంది.

చెల్లి సంగతి అడిగా. ఈసారి వద్దనలేదు. "చేర్పించమను. నాకు పని ఇష్టం లేదని కాదు వద్దంది. కానీ కాలేజీకి సొంతంగా పెద్ద హాస్పిటల్ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి, బ్రోచర్ నమ్మొద్దు. చదివేటప్పుడే ప్రభుత్వ పోస్టులకి ప్రిపేర్ అవ్వాలి. ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవడడిగినా ఇవ్వొద్దని చెప్పు, జిరాక్స్ ఇవ్వమను. ఇచ్చేముందు నాకు ఫోన్ చేయమను."

కౌన్సెలింగ్‌కి పిన్ని, చెల్లి వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నారు. నేను కారు తీసుకెళ్తున్నా. అక్క ఆ రోజు నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తానంది.