వారాంతపు విశ్రాంతి

వారంలో పని ఆగే ఒకటి రెండు రోజుల్లో ఒంటితో పాటు మనసూ తేరుకునేలా గడపడమే వారాంతపు విశ్రాంతి. తెలుగులో దీనికి దగ్గరి పాత మాట ఆటవిడుపు. బడిపిల్లల కోసం పుట్టిన మాటే అయినా, అందులోని 'విడుపు' పెద్దవాళ్ళ విషయంలోనూ అసలు సంగతి చెబుతుంది. సెలవు ఎన్ని గంటలన్నదాని కంటే ఆ గంటల్లో మనిషి పని నుంచి విడివడ్డాడా, ఆ సమయం తన చేతిలో ఉందా, తనవాళ్ళకూ అప్పుడే తీరిక దొరికిందా అన్నవే మనసు కుదుటపడటానికి ముఖ్యమని పరిశోధనలు చెబుతున్నాయి.

సెలవు వచ్చిన తీరు

సంప్రదాయ విద్యలో చదువు ఆగే రోజులను తిథి చూసి నిర్ణయించేవారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి అనధ్యయన దినాలు. నిజాం కాలపు హైదరాబాద్ సంస్థానంలో సెలవు శుక్రవారం. మిల్లు కూలీలకు మాత్రం ఏ వారమూ సెలవు ఉండేది కాదు. ఆదివారం సెలవు కావాలని బొంబాయి బట్టల మిల్లుల కార్మికులను కూడగట్టినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే (1848-1897). సత్యశోధక్ సమాజంలో పనిచేసిన ఆయన 'దీనబంధు' పత్రిక సంపాదకుడు. 1884లో మొదలైన ఆ ప్రయత్నం ఫలించి 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆదివారం తమ ఇలవేల్పు ఖండోబాకు ప్రీతికరమైన రోజన్నది అప్పటి వాదనల్లో ఒకటి. ఆ ఖండోబాయే తెలంగాణలో మల్లన్న. కొమురవెల్లిలో ఆయన జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లోనే జోరుగా సాగుతుంది. ఆదివారం సెలవు దొరల చర్చి నుంచి మాత్రమే వచ్చిందనుకోవడం సగం నిజమే.

తర్వాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవును ఖాయం చేసింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 1985లో అయిదు రోజుల వారం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులకు అది 2016లో, హైదరాబాద్ నుంచి అమరావతికి మారినప్పుడు దక్కింది.

విడుపు

జర్మన్ మనస్తత్వవేత్త జబీనె జొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో ప్రచురించిన ప్రశ్నావళి ఈ రంగంలో బాగా వాడుకలో ఉంది. పని తర్వాత మనిషి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలను వారు నాలుగుగా విడదీశారు: పని ఊసు మనసులో లేకపోవడం, సేదతీరడం, ఉద్యోగంతో సంబంధం లేనిదేదైనా నేర్చుకోవడం, సమయం మీద తనకే అధికారం ఉండటం. మొదటిదే కష్టం. గచ్చిబౌలిలో శుక్రవారం రాత్రి తొమ్మిదంటే వేసవిలో న్యూయార్క్‌లో పగలు పదకొండున్నర. అక్కడి మేనేజర్‌కు ఇంకా సగానికి పైగా పనిదినం మిగిలే ఉంటుంది. ఇక్కడి ఇంజనీరు శనివారం పొద్దున పెనం మీద పెసరట్టు తిరగేస్తుండగా ఫోన్ మోగుతుంది. ఆ మెసేజ్ చదవడానికి పట్టేది అర నిమిషం. అట్టు మాడదు గానీ, మనసు మధ్యాహ్నం భోజనం దాకా ఆఫీసులోనే ఉంటుంది. ఫ్రాన్స్ 2017 నుంచి అమలు చేస్తున్న చట్టం ఈ అర నిమిషం గురించే. పనివేళల తర్వాత ఫోన్లకు, మెయిళ్ళకు దూరంగా ఉండే హక్కు మీద పెద్ద సంస్థలు ఉద్యోగులతో చర్చించి తీరాలి.

ఎవరూ పిలవకపోయినా తెగని పని మనసులో మెదులుతూనే ఉంటుంది. పూర్తయిన పనికంటే మధ్యలో ఆగినదే బాగా గుర్తుంటుందని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో చూపింది. శుక్రవారం ఆఫీసు వదిలే ముందు, సోమవారం ఎక్కడ అందుకోవాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం అందుకే పనికొస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగం మరో కోణం చూపింది. కొందరు ఉద్యోగులను రాబోయే శని, ఆదివారాలను ఊరు వెళ్ళిన సెలవులా గడపమన్నారు. మిగతావారిని ఎప్పటిలాగే ఉండమన్నారు. సోమవారం మొదటి జట్టే ఎక్కువ ఉల్లాసంగా కనిపించింది. ఏం చేశారన్నదాని కంటే, చేస్తున్నదాని మీద మనసు నిలపడమే అందుకు ప్రధాన కారణంగా తేలింది.

నిద్ర

వారమంతా బాకీపడిన నిద్రను ఆదివారం తీర్చుకోవడం అందరికీ అలవాటే. రోజూ పదకొండుకు పడుకుని ఆరుకు లేచేవారి నిద్రకు నడిమి ఘడియ రెండున్నర. శనివారం రెండుకు పడుకుని పదింటికి లేస్తే అది ఆరు. ఈ మూడున్నర గంటల తేడాను జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోన్నెబెర్గ్ బృందం 2006లో 'సోషల్ జెట్‌లాగ్' అంది. వేసవిలో హైదరాబాద్‌కూ జర్మనీకీ మధ్య తేడా సరిగ్గా అంతే. విమానం ఎక్కకుండానే వెళ్ళి, సోమవారం పొద్దుటికి తిరిగొచ్చినట్టు. సోమవారపు చిరాకంతా ఆఫీసు తప్పు కాదు. నిద్ర చాలకపోతే మధ్యాహ్నం ఓ కునుకు తీయడం, లేదా ముందురోజు త్వరగా పడుకోవడం మేలు.

అందరికీ ఒకేసారి

అమెరికాలో ఉద్యోగం లేనివారు కూడా వారాంతంలో, ఉద్యోగులతో దాదాపు సమానంగా, కొంత తేలికపడతారని సామాజిక శాస్త్రవేత్తలు క్రిస్టోబల్ యంగ్, చేయూన్ లిమ్ 2014లో చూపారు. వాళ్ళకు సోమవారమూ ఖాళీయే. ఆ రోజు పక్కన ఎవరూ ఉండరు, అంతే. తీరిక నలుగురికీ ఒకేసారి దొరకాలన్న సంగతిని సోవియట్ యూనియన్ చేతులు కాల్చుకుని తెలుసుకుంది. యంత్రాలు ఆగకూడదని 1929లో అయిదు రోజుల వారం పెట్టి, కార్మికులను అయిదు గుంపులుగా చేసి గుంపుకో సెలవు ఇచ్చింది. భర్త సెలవు రోజున భార్య ఫ్యాక్టరీలో ఉండేది. చివరికి 1940లో ఆదివారం సెలవుతో ఏడు రోజుల వారం తిరిగొచ్చింది. వంతుల వారీ వీకాఫ్ ఉండే ఆసుపత్రి, హోటల్, కాల్‌సెంటర్ ఉద్యోగుల ఇళ్ళలో ఈ ఇబ్బంది ఇప్పటికీ ఉంది. 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి ట్యాంక్‌బండ్‌ను జనానికి వదిలినప్పుడు, అక్కడ చూడవలసింది తోపుడుబళ్ళ కంటే ఒకేసారి తీరిక దొరికిన కుటుంబాలనే.

ఎవరి ఆదివారం

ఆదివారం ఇంట్లో అందరికీ సెలవు కాదు. శనివారం రాత్రి పిండి రుబ్బడం, పొద్దున్నే పిల్లలకు తలంటు, పదింటికి వచ్చే మటన్, మధ్యాహ్నానికి చుట్టాలు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. జొన్నెన్‌టాగ్ నాలుగో అంశమైన సమయం మీద అధికారం గృహిణికి తక్కువగా దక్కేది ఇక్కడే. భర్త 'ఏమైనా సాయం చేయనా' అని అడగడం వేరు, వంట మొత్తం ఒక పూట తీసుకోవడం వేరు; మొదటిదానిలో ఏం వండాలో, ఉప్పు ఎక్కడుందో చెప్పే పని ఆమెదే.

పరిమితులు

సెలవు రోజే దిగులు పెరిగేవారూ ఉంటారు. పని ఆగగానే తలనొప్పి, కడుపునొప్పి మొదలయ్యే రోగుల గురించి హంగరీ మనోవిశ్లేషకుడు షాండోర్ ఫెరెన్సీ 1919లోనే 'ఆదివారపు న్యూరోసిస్' పేరుతో రాశాడు. దాదాపు రోజంతా, ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ, నిద్ర, ఆకలి తప్పడంతో కలిసి ఉంటే అది అలసట కాదు, డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం కావాలి. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది. ఆదివారం కూడా పనిచేస్తుంది.