‘గుర్తించిన’ ఉద్యోగాలు: తెలుగునాట వికలాంగుల శిక్షణ, ఉపాధి

‘అవిటివాడు’ అన్న వాడుక మాట స్థానంలో ‘వికలాంగుడు’ అనే సంస్కృత సమాసం పరిపాలనా భాషలో స్థిరపడింది. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారంలో ‘విభిన్న ప్రతిభావంతులు’ చేరింది. 2015 నుంచి హిందీ మీదుగా ‘దివ్యాంగులు’ వచ్చింది. పేరు మారిన ప్రతిసారీ గౌరవం కొంత పెరిగిందనడంలో సందేహం లేదు. అయితే ఉపాధి చరిత్రలో వీటికన్నా నిర్ణాయకమైన పదం మరొకటి ఉంది. అది ‘గుర్తింపు’. సాధారణ వ్యవహారంలో గుర్తింపు పొందేది మనిషి. ఉద్యోగ నిబంధనల్లో మాత్రం గుర్తింపు పొందేది పోస్టు. ఫలానా లోపం ఉన్నవారు ఫలానా పని చేయగలరని ముందుగా ఎవరో నిర్ణయించిన తరువాతే అభ్యర్థి రంగంలోకి వస్తాడు.

శిక్షణ విషయంలో తెలుగునేల వెనుకబడి లేదు. దేశంలోని మొదటి రెండు వృత్తి పునరావాస కేంద్రాలు 1968లో బొంబాయి, హైదరాబాదులలో ఏర్పడ్డాయి. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమైన 1981లో రాష్ట్ర వికలాంగుల సహకార సంస్థ, 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ వచ్చాయి. అన్నీ రాజధాని పరిసరాల్లోనే ఉండటం గమనార్హం. విశాఖపట్నం శివారు ఆనందపురం నుంచి హైదరాబాదు ఆరువందల కిలోమీటర్ల పైమాటే. ఒంటరిగా బస్సెక్కలేని యువతికి ఆ దూరమే మొదటి అనర్హత.

ఇక రిజర్వేషన్. 1977 నాటి కేంద్ర ఉత్తర్వు గ్రూప్-సి, గ్రూప్-డి కొలువుల్లో 3 శాతం కేటాయించింది. అంటే పై స్థాయి ఉద్యోగాల ప్రసక్తే లేదు. 1995 చట్టం కేటాయింపును శాసనబద్ధం చేసింది కాని, దానిని ‘గుర్తించిన’ పోస్టులకు ముడిపెట్టింది. పని స్వభావాన్ని బట్టి సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్నీ ప్రభుత్వానికి ఇచ్చింది. విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం వంటి కేంద్రసంస్థలున్న నగరంలో ఈ నిబంధన బరువు తెలుస్తుంది. కొలిమి దగ్గర పని వేరు, లెక్కల విభాగంలో పని వేరు. కర్మాగారం అనగానే కొలిమి ఒక్కటే కళ్లముందు నిలిస్తే, మిగిలిన బల్లలన్నీ మరుగున పడతాయి. ఖాళీల లెక్క గుర్తించిన పోస్టులకే పరిమితం కారాదని, మొత్తం ఖాళీలపై 3 శాతం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 8న తీర్పు చెప్పేవరకు ఈ చిక్కు విడలేదు.

ఈ నిర్ణయం ఉద్యోగం దాకా ఆగదనడానికి బొల్లా శ్రీకాంత్ ఉదంతం చాలు. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టుకతోనే చూపులేక జన్మించిన ఆయనకు పదవ తరగతి తరువాత సైన్సు గ్రూపు నిరాకరించారు. న్యాయస్థానానికి వెళ్లి ప్రవేశం సాధించుకున్నారు. ఆపై అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివారు. 2012లో హైదరాబాదులో స్థాపించిన బొల్లాంట్ ఇండస్ట్రీస్‌లో పోకమట్టల పళ్లేలు, కాగితపు ప్యాకింగు సామగ్రి తయారీకి వికలాంగులను చేర్చుకున్నారు. ఆయన జీవితాన్ని విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. 2024లో హిందీ చలనచిత్రం కూడా వచ్చింది. చరిత్ర దృష్టితో చూస్తే ఆ గాథలో ముఖ్యఘట్టం కర్మాగారం కాదు, సైన్సు గ్రూపు. పదిహేనేళ్ల వయసులో ప్రయోగశాల తలుపు మూసుకుంటే, పాతికేళ్లకు ఇంజనీరు పోస్టును ‘గుర్తించి’ ప్రయోజనమేమిటి? కోర్టుకు వెళ్లలేని వారి సంఖ్య ఏ గాథలోకీ ఎక్కదు.

2016 చట్టం వైకల్యాలను 21 రకాలుగా విస్తరించి, కేటాయింపును 4 శాతానికి పెంచింది. మానసిక, మేధోవైకల్యాలకు తొలిసారి చోటిచ్చింది. అయినా గుర్తింపు ప్రక్రియను రద్దు చేయలేదు. మూడేళ్లకు మించని వ్యవధిలో సమీక్షించాలని మాత్రం షరతు పెట్టింది. 2021 జనవరి 4న కేంద్రం ప్రకటించిన జాబితాలో 3,566 పోస్టులున్నాయి. జాబితా సమగ్రం కాదని, అందులో లేని పోస్టులను కూడా సంస్థలు చేర్చుకోవచ్చని ఆ ప్రకటనే చెబుతోంది.