అల్పవోల్టేజి - అధికప్రవాహ తాపనసాధనములు

రెండు ఉక్కురేకులు కలియు బిందువునుగాని, లోహమును ఆవిరిచేయు పొట్టి టంగ్‌స్టన్ దోనెనుగాని విద్యుత్తుచేత వేడిచేయవలసినప్పుడు 230 వోల్టుల గృహసరఫరాను తిన్నగా ప్రయోగించుటకు వీలులేదు. అట్టి వస్తువుల నిరోధము ఓములో వెయ్యవవంతుల పరిమాణమున నుండుటచేత వాటికి కావలసినది ఒకటి రెండు వోల్టుల వోల్టేజియు, వందలకొలది ఆంపియర్ల ప్రవాహమును. సరఫరానుండి స్వల్పప్రవాహమును గ్రహించి, దానిని ఇట్లు మార్చి, ఏకాంతర రూపముననే తాపనమునకు అందించు చిన్న యంత్రములే ఈ సాధనములు.

సూత్రము

వాహకమున జనించు ఉష్ణము ప్రవాహముయొక్క వర్గమునకును, నిరోధమునకును అనులోమానుపాతమున నుండునని ఆంగ్లశాస్త్రజ్ఞుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించెను. ఒక మిల్లీఓము నిరోధముగల వస్తువునందు 1000 ఆంపియర్లు ప్రవహించినచో ఒక కిలోవాటు శక్తి ఉష్ణమగును. అందుకు ఒక్క వోల్టు చాలును. ఈ ఉష్ణమునకు ప్రవాహదిశతో నిమిత్తము లేదు. కనుకనే తాపనమునకు ఏకాంతర ప్రవాహము మిక్కిలి అనుకూలము: దీనిని ఏకముఖముగా మార్చబూనినచో 0.5 వోల్టును హరించు డయోడు 800 ఆంపియర్లవద్ద 400 వాట్లను తానే మ్రింగివేయును. దానిని చల్లార్చుటకు పెద్ద లోహపు రెక్కలును, పంకాలును కావలసివచ్చి, సాధనము చిన్నదిగా నుండుట అసాధ్యమగును.

చరిత్ర

1877 ప్రాంతమున ఇంజనీరు ఎలిహు థామ్సన్ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉపన్యసించుచు, లైడెన్ జాడీల విద్యుదావేశమును ప్రేరణచుట్టలోని సన్నని తీగ గుండ పంపగా, ఒండొంటిని తాకుచుండిన అదే చుట్టలోని మందపుతీగ కొనలు కరగి అతుకుకొనెను. హెచ్చువోల్టేజి అల్పవోల్టేజిగా మారుచు ప్రవాహమును పెంచుటయే ఇందలి రహస్యమని గ్రహించిన ఆతడు 1886లో నిరోధ వెల్డింగునకు పేటెంటు పొందెను. అంతకు ముందటి సంవత్సరమే బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారమునకు చెందిన జిపెర్నోవ్‌స్కీ, బ్లాథీ, డేరీ అను ఇంజనీర్లు సంవృతకోర్ గల ట్రాన్స్‌ఫార్మరును రూపొందించియుండిరి. ఈ సూత్రము చేతిలో నిముడు పనిముట్టుగా పరిణమించుట కార్ల్ వెల్లర్‌కు 1946లో అమెరికాలో పేటెంటు లభించిన టంకపు తుపాకీయందు చూడవచ్చును. దాని మీట నొక్కిన కొన్ని క్షణములలోనే మందపు చుట్టు కొనలకు బిగించిన రాగితీగ టంకమును కరగించునంత వేడెక్కును.

నిర్మాణము

ఈ సాధనమునకు ప్రధానాంగము ట్రాన్స్‌ఫార్మరు. దానికి 30 చదరపు సెంటీమీటర్ల అడ్డుకోతగల సిలికాన్ ఉక్కురేకుల కోర్‌ను 50 హెర్ట్జ్ పౌనఃపున్యమున, 1.2 టెస్లా అభివాహసాంద్రతవద్ద పనిచేయించినచో ఒక్కొక్క చుట్టునకు 0.8 వోల్టు లభించును. కాబట్టి 230 వోల్టుల సరఫరాకు కలుపు ప్రాథమికపు చుట్టకు ఎనామెల్ తీగ సుమారు 288 చుట్లు చుట్టవలెను. వస్తువునకు ప్రవాహమునందించు గౌణపు చుట్టకు వెడల్పైన రాగిపట్టీ ఒక్క చుట్టు చాలును. ప్రాథమికము 3 ఆంపియర్లు గ్రహించుచుండగా గౌణమున, నష్టములను మినహాయించి చూచినచో, ఇంచుమించు 860 ఆంపియర్లు ప్రవహించును.

అయితే ఈ ప్రవాహమును పుట్టించుట కంటె దానిని గమ్యమునకు చేర్చుట కష్టతరము. ట్రాన్స్‌ఫార్మరునుండి వస్తువునకు పోవుటకు ఒక మీటరు, తిరిగి వచ్చుటకు ఒక మీటరు చొప్పున 100 చదరపు మిల్లీమీటర్ల రాగికేబులు అమర్చినచో, దాని నిరోధము 0.34 మిల్లీఓము మాత్రమే అయినను, 800 ఆంపియర్లవద్ద 0.27 వోల్టు దారిలోనే హరించుకుపోవును, లభించిన 0.8 వోల్టులో ఇది మూడవవంతు. బోల్టు బిగింపులో 0.1 మిల్లీఓము అదనముగా నున్నను ఆ ఒక్క చోటనే 64 వాట్ల వేడి పుట్టి, రాగి నల్లబడి, ఆక్సైడు పొర పేరుకొని, నిరోధము మరింత పెరుగును. అందుచేత అతుకుల ముఖములను నునుపుగా రుద్ది, తగరపు పూత నిచ్చి, పెద్ద బోల్టులతో బిగించుటయు, ప్రేరకత్వము తగ్గునట్లు పోవు పట్టీని, వచ్చు పట్టీని పలుచని విద్యున్నిరోధకపత్రము మాత్రమే నడుమ నుంచి జంటగా నడుపుటయు ఆవశ్యకము.

ఉన్నత పౌనఃపున్య సాధనములు

పౌనఃపున్యము పెరిగినకొలది అదే వోల్టేజికి కావలసిన అభివాహము తగ్గును. గృహసరఫరాను మొదట ఏకముఖముగా మార్చి, ట్రాన్సిస్టర్లచే 50 కిలోహెర్ట్జ్ ఏకాంతర ప్రవాహమును జనింపజేసినచో, భారమైన ఉక్కుకోర్‌కు బదులు అరచేతిలో నిముడు ఫెర్రైటు కోర్ చాలును. 12 వోల్టుల హాలోజెన్ దీపములకు వాడు ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లు ఈ జాతివే. కాని ఈ సౌలభ్యమునకు ఒక కఠినమైన నిబంధన కలదు. రాగిలో ప్రవాహము చొచ్చు లోతు 50 హెర్ట్జ్‌వద్ద 9 మిల్లీమీటర్లకు పైగా నుండగా, 50 కిలోహెర్ట్జ్‌వద్ద 0.3 మిల్లీమీటరే యగుటచే మందపుకడ్డీ నిష్ప్రయోజనము. పలుచని రాగిరేకులుగాని, విడివిడిగా పూతపూసి పేనిన సన్నతీగల త్రాడుగాని కావలెను. అంతియేగాక, కేబులువలయమునకు ఒక మైక్రోహెన్రీ ప్రేరకత్వ మున్నచో 800 ఆంపియర్లను నడుపుటకు, 50 హెర్ట్జ్‌వద్ద పావువోల్టు చాలియుండగా, ఇక్కడ 250 వోల్టులు కావలసివచ్చును. కనుక ఇట్టి ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కవలసిన వస్తువును ఆనుకొనియే యుండవలెను.

నియంత్రణము, భద్రత

ప్రవాహనియంత్రణము ఎల్లప్పుడును ప్రాథమికమునందే జరుగును. అక్కడ కొద్ది ఆంపియర్లే యుండుటచే చిన్న ట్రయాకుగాని, వేరియాకుగాని సరిపోవును. చల్లని టంగ్‌స్టన్ నిరోధము ఎర్రగా కాగినప్పటికంటె ఎన్నో రెట్లు తక్కువ గనుక వోల్టేజిని క్రమక్రమముగా పెంచవలెను. గౌణప్రవాహమును కొలుచుటకు కరెంటు ట్రాన్స్‌ఫార్మరునో, టాంగ్ టెస్టరునో వాడుదురు. ఒక వోల్టు మనిషికి విద్యుద్ఘాతము కలిగింపజాలదు. కాని చేతి ఉంగరముగాని, లోహపు గాజుగాని పట్టీల నడుమ తగిలినచో క్షణములో ఎర్రగా కాగి చర్మమును కాల్చును. ప్రాథమికపు 230 వోల్టులు మాత్రము ప్రాణాంతకములు. కావున రెండు చుట్టల నడుమ దృఢమైన విద్యున్నిరోధకమును, గౌణమున ఒక కొనకు భూసంధానమును, ప్రాథమికమునకు ఫ్యూజును తప్పక యుండవలెను.

ఉపయోగములు

స్పాట్ వెల్డింగు, టంకము పెట్టుట, దర్పణములపై అల్యూమినియపు పూతకై శూన్యమున లోహమును ఆవిరిచేయుట, గాజునారను తీయు ప్లాటినం-రోడియం పాత్రలను వేడిచేయుట, మాలిబ్డినం డైసిలిసైడు కడ్డీల కొలుములు - ఇవి ముఖ్యమైనవి. వీటన్నిటియందును రూపకల్పన వస్తువునుండి వెనుకకు సాగవలెను: మొదట వస్తువు నిరోధము, పిదప అతుకులు, పిదప పట్టీల పొడవు, అటుపిమ్మట పౌనఃపున్యము, చివరకు కోర్. ఈ వరుస తప్పి కోర్‌నుండి మొదలిడినవాని శక్తి, ఎంత పెద్ద యంత్రమును నిర్మించినను, వస్తువును గాక కేబుళ్లనే వేడిచేయును.