రాగుల పాతర

స్పెయిన్ దేశములో అరాండా దె దువేరో అను పాత పట్టణమును చూచి వచ్చిన మా బంధువొకరు, అక్కడ యిళ్ల క్రింద వందల యేండ్లనాడు త్రవ్విన ద్రాక్షసారా నేలమాళిగలను గురించి ఆశ్చర్యముతో చెప్పినారు. ఎండకాలమైనను, చలికాలమైనను లోపల ఒకే చల్లదనమట. వినగానే మాకు హోసూరు, కృష్ణగిరి పల్లెల పాతరలు జ్ఞప్తికి వచ్చినవి. సారా మాట అటుంచుడు. 1937 అక్టోబరు 1న మద్యనిషేధము మొదలైనది ఆనాటి మన సేలం జిల్లాలోనే. దానిని తెచ్చిన రాజాజీగారు హోసూరు చెంత తొరపల్లిలో పుట్టినవారే. మనవారు నేల క్రింద దాచినది రాగులు.

నీరు ఊరని మెరకనేల చూచి పాతర త్రవ్వెడివారు. మూతి మనిషి దిగుటకు చాలినంత. లోపల కడవ కడుపువలె వెడల్పు. కంప వేసి కాల్చి గోడలు గట్టిపరచి, గడ్డి పరచి, బాగుగా ఎండిన రాగులు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తెడివారు. గింజ కూడ ఊపిరి తీయును గనుక లోపలి ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు పెరుగును, పురుగు బ్రతుకదు. సారాకు కావలసినది చల్లదనము, రాగులకు కావలసినది గాలి లేకపోవుట. అందుకే పాతర తెరచిన వెంటనే ఎవరును దిగరాదు. చాలసేపు గాలి తగులనిచ్చి, దీపము దించి, అది ఆరకున్ననే మనిషి దిగవలెను. ఈ జాగ్రత్త తప్పి ప్రాణము పోగొట్టుకొన్నవారున్నారు.

1800లో మైసూరు సీమ తిరిగిన డాక్టరు ఫ్రాన్సిస్ బుకానన్, రాగులు పాతరలో ఏండ్ల తరబడి చెడక ఉండునని వ్రాసినాడు. దండులు నడిచెడి దారిలోని పల్లెకు ఇదెంత అవసరమో ఊహించుకొనవచ్చును. 1791లో ఇంగ్లీషువారు హోసూరును, రాయకోటను పట్టుకొనిరి. నవంబరులో కృష్ణగిరి కొండ ఎక్కబోయి దెబ్బతిని మరలిరి. బయటి గాదె దండు కంటబడును. మట్టి మెత్తిన పాతరను వెదకి పట్టవలెను.

అయితే పాతర ఉన్నచోట కరవే లేదనుట అతిశయోక్తి. 1871 లెక్కలలో 19 లక్షల 67 వేల జనమున్న సేలం జిల్లా, 1876–78 కరవు దాటిన పిమ్మట 1881లో 16 లక్షలకు దిగినది. వానలు వరుసగా తప్పినప్పుడు ఎంత లోతు పాతరకైనను అడుగు కనబడును.

బ్రతుకుతెరువుకై ఊరు విడిచిన మేము మొన్న పండుగకు వెళ్లినప్పుడు, రాగిపాతర అనగానేమని పిల్లలనడిగితిమి. ఒకడు రాగిచెంబన్నాడు. వాని చెల్లెలు, “పాతరవేయడమంటే పూడ్చడం కదా?” అన్నది. మా పెద్దమ్మగారు నవ్వి, పెరటిలో ఒకచోట కాలితో నేల తట్టి చూపినారు.